ఇంట్లో తీసిన పండ్ల రసాలతో బరువు తగ్గవచ్చా?

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో ఒకసారి చెబుతాను. మీకు 34 ఏళ్లు, ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. చెల్లెలి పెళ్లికి మూడు నెలలే ఉన్నందున ఈలోగా పది కిలోలు తగ్గాలనుకొని కోల్డ్ ప్రెస్ జ్యూసర్ (పండ్లను నెమ్మదిగా నొక్కి రసం పిండే యంత్రం) కొన్నారు. ఉదయం టిఫిన్‌కు బదులుగా, రాత్రి భోజనానికి బదులుగా రెండు క్యారెట్లు, ఒక బీట్‌రూట్, ఒక ఆపిల్, సగం దానిమ్మ కలిపి రసం తీసి, పెద్ద చెంచా తేనె వేసుకొని తాగుతున్నారు. మొదటి వారంలో రెండు కిలోలు తగ్గారు, ఆ తరువాత మూడు వారాలుగా ముల్లు కదలడం లేదు. లోపం మీ రసంలో ఉందా, మీలో ఉందా అన్నది మీ సందేహం. పరగడుపునే తాగాలా, పిల్లలకు కూడా ఇవ్వవచ్చా అని చివర రెండు చిన్న ప్రశ్నలు చేర్చారు.

నేను హైదరాబాదులో పద్దెనిమిదేళ్లుగా ఆహార నిపుణురాలిగా పనిచేస్తున్నాను, ఇదే ప్రశ్నను వేరువేరు రూపాల్లో వారానికి ఒకసారైనా వింటాను. సూటిగా చెప్పవలసిన జవాబు ఇది: రసం దానంతట అది ఎవరి బరువునూ తగ్గించదు. అంతకంటే ఎక్కువ క్యాలరీలున్న మరొకదానిని మీ రోజులోంచి తప్పించి, దాని చోటులోకి వచ్చినప్పుడు మాత్రమే అది ఉపయోగపడుతుంది. మీరు ఇప్పుడు తాగుతున్న గ్లాసు మీ టిఫిన్‌ను తప్పించింది గాని అందులోని క్యాలరీలను పెద్దగా తప్పించలేదు, పైగా మధ్యాహ్నానికి మిమ్మల్ని బాగా ఆకలితో కూర్చోబెడుతోంది. కాబట్టి లోపం మీలో లేదు. జ్యూసర్‌ను అటకెక్కించవలసిన అవసరమూ లేదు, కాని వాడే వేళనూ అందులో వేసే సరుకునూ మార్చుకోవాలి.

మీ గ్లాసునే లెక్క వేసి చూద్దాం. రెండు క్యారెట్లకు సుమారు 60 క్యాలరీలు, మధ్యరకం బీట్‌రూట్‌కు 40కి కాస్త పైన, ఆపిల్‌కు 75, సగం దానిమ్మ గింజలకు 60, పెద్ద చెంచా తేనెకు మరో 60. పిప్పితో పాటు కొంత పోయినా మీ గ్లాసులో 250 క్యాలరీల వరకు, చక్కెర 45 గ్రాముల వరకు మిగులుతాయి. చిన్న చెంచాల్లో కొలిస్తే అది తొమ్మిది చెంచాల పంచదార. రెండు పూటలా తాగుతున్నారు గనుక పద్దెనిమిది. చట్నీతో తినే రెండు ఇడ్లీలు కూడా ఇంచుమించు 200 క్యాలరీల దగ్గరే ఉంటాయి, కాని వాటిలో మినప్పప్పు ఉంది, నమిలే పని ఉంది, పదకొండు గంటల దాకా నిలిచే సత్తువ ఉంది.

"అది పండులోని సహజమైన చక్కెరే కదా, పంచదార వేయలేదు కదా" అని మీరు అడగవచ్చు, దాదాపు అందరూ అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో వెలువరించిన మార్గదర్శకం పండ్ల రసంలోని చక్కెరను, తేనెలోని చక్కెరను పంచదారతో పాటు ఒకే జాబితాలో చేర్చింది, పండును పండుగా తిన్నప్పుడు అందే చక్కెరను మాత్రం ఆ జాబితాలో చేర్చలేదు. రోజు మొత్తం క్యాలరీల్లో ఆ జాబితాలోని చక్కెర పది శాతం దాటకూడదని, అయిదు శాతంలోపు ఉంటే మరింత మేలని అది చెబుతుంది. 2000 క్యాలరీలు తినే మనిషికి ఆ లెక్క 50 గ్రాములు, 25 గ్రాములు అవుతుంది. బరువు తగ్గడానికి మీరు తినవలసింది అంతకంటే తక్కువ గనుక మీ పరిమితి ఇంకా చిన్నది.

ఒకే ఆపిల్‌లోని చక్కెర నమిలితే ఒక రకంగా, తాగితే మరొక రకంగా ఎందుకు లెక్కకు వస్తుందన్నది అసలు విషయం, దీనిని కొంచెం నిదానంగా చెప్పనివ్వండి.

పండులో చక్కెర కణాల గోడల మధ్య బంధించి ఉంటుంది. మనం నమిలి మింగినప్పుడు ఆ గోడలు పొట్టలోనూ పేగులోనూ నెమ్మదిగా విడిపోతాయి. జ్యూసర్ ఆ పనిని ముందే ముగించి, గోడలను పిప్పిగా ఒక గిన్నెలోకి, చక్కెర నీటిని మరో గిన్నెలోకి వేరుచేస్తుంది. 1977లో ఇంగ్లండులో పదిమందికి ఆపిల్‌ను పండుగా, గుజ్జుగా, పిప్పిలేని రసంగా మూడు రూపాల్లో, చక్కెర సమానంగా ఉండేలా ఇచ్చి చూశారు. రసాన్ని వారు పండు కంటే పదకొండు రెట్లు వేగంగా ముగించారు, కడుపు నిండినట్లు అనిపించడం పండుకు ఎక్కువగా, గుజ్జుకు కాస్త తక్కువగా, రసానికి అన్నిటికంటే తక్కువగా కనిపించింది, రసం తరువాత రక్తంలోని చక్కెరను అదుపుచేసే ఇన్సులిన్ ఎక్కువగా పెరిగింది. ప్రయోగం చిన్నదే, కాని క్లినిక్‌లో నేను రోజూ చూసేదానికి అది అచ్చంగా సరిపోతుంది. నాలుగు బత్తాయిలు ఒక్కసారి కూర్చొని ఒలుచుకు తినమంటే మూడోదాని దగ్గరే చాలంటారు, అవే నాలుగింటిని పిండి గ్లాసులో పోసి ఇస్తే రెండు నిమిషాల్లో తాగేసి "టిఫిన్ ఏమిటి?" అని అడుగుతారు.

మరొక చిన్న నిదర్శనం మా వృత్తిలోనే ఉంది. ఇన్సులిన్ తీసుకొనే వారికి రక్తంలో చక్కెర హఠాత్తుగా పడిపోయి చెమటలు పట్టి వణుకు వస్తే, సుమారు 150 మిల్లీలీటర్ల పండ్ల రసం వెంటనే తాగమని, పదిహేను నిమిషాల తరువాత మళ్లీ పరీక్ష చేసుకోమని మేమే చెబుతాం. చక్కెరను అంత తొందరగా పైకి తేగలదు గనుకనే దానిని అత్యవసరానికి వాడుతున్నాం. అదే గుణం ఉన్న పానీయాన్ని రోజూ పరగడుపున ఆరోగ్యం కోసం తాగడంలోని విచిత్రాన్ని మీరే ఆలోచించండి. అమెరికాలో ఆరోగ్యరంగంలో పనిచేసే 1,80,000 మందికి పైగా మనుషులను ఏళ్ల తరబడి గమనించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ద్రాక్ష, ఆపిల్, బ్లూబెర్రీ వంటి పండ్లను పండ్లుగా తిన్నవారిలో మధుమేహం తక్కువగా, పండ్ల రసం ఎక్కువగా తాగినవారిలో కొంత ఎక్కువగా కనిపించింది. గమనించి చూసిన అధ్యయనం గనుక అదొక్కటే తుది రుజువు కాదు, కాని మిగతా ఆధారాలు చూపే దిక్కు కూడా అదే.

మన మామిడిలో రసాలనే ఒక తెగే ఉందన్న సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. నూజివీడు చిన్నరసాన్ని మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, టెంక దాకా జుర్రుకొనే మనిషికి నార పళ్లలో ఇరుక్కుంటుంది, చేతులు జిగురవుతాయి, రెండో పండుతో సరే అనిపిస్తుంది. అదే పండును పాలు, పంచదార పోసి మిక్సీ పట్టినప్పుడు మూడు పండ్లు ఒక్క గ్లాసులో ఇమిడిపోతాయి. మన పెద్దలు తిన్న పద్ధతిలోనే ఒక అడ్డుకట్ట ఉండేది.

ఇక మొదటి వారంలో తగ్గిన రెండు కిలోల గురించి. మీకు నిరాశ కలిగించవచ్చు గాని అందులో ఎక్కువ భాగం నీరు. శరీరం కాలేయంలోనూ కండరాల్లోనూ పిండిపదార్థాన్ని గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటుంది, ప్రతి గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. ఒక్కసారిగా తిండి తగ్గించినప్పుడు ఆ నిల్వ ఖర్చయి, నీరు బయటకు పోయి, ముల్లు ఆశ్చర్యకరంగా దిగుతుంది. నా దగ్గరకు వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఏడు రోజులు కేవలం రసాల మీద ఉండి నాలుగు కిలోలు తగ్గి, ఎనిమిదో రోజున మామూలు భోజనం మొదలుపెట్టి, రెండు వారాలు తిరగకముందే మూడున్నర కిలోలు తిరిగి తెచ్చుకున్నాడు. తనకు పట్టుదల లేదని అతను బాధపడ్డాడు, నిజానికి అతని శరీరం ఖాళీ అయిన కుండను తిరిగి నింపుకుంది, అంతే.

రసాల మీదే రోజులు గడిపేవారికి మరొక నష్టం మాంసకృత్తులది. భారత వైద్య పరిశోధన మండలి సిఫారసు ప్రకారం పెద్దవారికి రోజుకు కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి, 60 కిలోల మనిషికి అది సుమారు 50 గ్రాములు. మీ గ్లాసు రసంలో రెండు మూడు గ్రాములకు మించి ఉండవు. ఉదయం, రాత్రి రెండు పూటలూ అలా గడిస్తే మధ్యాహ్నం ఒక్క భోజనంతో ఆ లోటు పూడదు, కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. జుట్టు రాలడం, నీరసం, మెట్లెక్కితే కాళ్లు పీకడం మొదలైతే దానిని "విషాలు బయటకు పోతున్నాయి" అని ఎవరైనా చెప్పినా నమ్మకండి. ఆ పని చేయడానికి కాలేయం, మూత్రపిండాలు ఉన్నాయి, అవి క్యారెట్ రసం కోసం ఎదురుచూడవు.

మీరు చేయదగిన మార్పు. ఉదయం గ్లాసు, రాత్రి గ్లాసు రెండూ మానండి. ఉదయం ఒక పెసరట్టో, రెండు ఇడ్లీలు సాంబారుతోనో, కూరగాయలు ఎక్కువ వేసిన ఉప్మాతో పాటు ఒక ఉడికించిన గుడ్డో తినండి. రాత్రి సగం అన్నం, దానికి రెండింతలు కూర, ఒక గిన్నె పప్పు, పెరుగు. రసానికి నేను కేటాయించే వేళ సాయంత్రం అయిదు గంటలు. ఎందుకంటే మన ఇళ్లలో రోజంతా కాపాడుకున్న నియమం కూలిపోయేది ఆ వేళలోనే, టీలో రెండు చెంచాల పంచదార, పక్కన బజ్జీలు, లేదా పిల్లల డబ్బాలో మిగిలిన బిస్కెట్లు. కొన్నేళ్ల క్రితం ఒక ఉపాధ్యాయురాలు బడి నుంచి ఇంటికి రాగానే వీధి చివర మిరపకాయ బజ్జీల బండి దగ్గర ఆగడం మానలేకపోతున్నానని చెప్పింది. గేటు తీయగానే ఫ్రిజ్‌లో కీరా, పుదీనా రసం చల్లగా సిద్ధంగా ఉండేలా ఉదయమే ఏర్పాటు చేసుకొమ్మన్నాను. ఆరు నెలల్లో ఆమె ఏడు కిలోలు తగ్గింది. ఊళ్లో అందరూ కీరా రసం మహిమ అన్నారు, బజ్జీల బండివాడికి మాత్రం అసలు కారణం తెలిసి ఉంటుంది.

ఆ రసం చేసే విధానం ఇది. చేదు లేదని రుచి చూసుకున్న ఒక పెద్ద కీరాను చెక్కుతోనే ముక్కలు చేసి, గింజ తీసిన ఒక పెద్ద ఉసిరికాయ, గుప్పెడు పుదీనా, అర అంగుళం అల్లం, ఒక గ్లాసు నీరు పోసి మిక్సీలో మెత్తగా తిప్పండి. వడకట్టకండి, మరీ గరుకుగా ఉంటే పెద్ద రంధ్రాల జల్లెడలో ఒకసారి వంచండి. జీలకర్ర పొడి, చిటికెడు ఉప్పు చాలు. మొత్తం 50 క్యాలరీలకు అటూఇటూగా ఉంటుంది. ఉసిరి దొరకని కాలంలో నిమ్మకాయ పిండుకోవచ్చు. మరో రోజు రెండు నాటు టమాటాలు, సగం క్యారెట్, నాలుగు మిరియాలు, కాస్త కొత్తిమీర. ఇంకొక రోజు అసలు రసమే వద్దు, రెండు గరిటెల పెరుగును నాలుగింతల నీటితో చిలికి, కరివేపాకు, అల్లం, కొత్తిమీర దంచి వేసిన నీరు మజ్జిగ తాగండి. మన ఎండలకు దానికి సాటివచ్చే పానీయాన్ని ఏ జ్యూసర్ కంపెనీ ఇంకా తయారు చేయలేదు.

బూడిద గుమ్మడి రసం కొవ్వును కరిగిస్తుందన్న ప్రచారం ఇప్పుడు జోరుగా ఉంది. అది దాదాపు నీరే, పంచదార టీ స్థానంలో తాగితే మంచిదే, కరిగించే శక్తి దానిలో ఏమీ లేదు.

నేను మిక్సీ అన్నాను, మీరేమో ఖరీదైన కోల్డ్ ప్రెస్ యంత్రం కొన్నారు. వేడి పుట్టదు గనుక విటమిన్లు నిలుస్తాయన్న మాటలో కొంత నిజం ఉండవచ్చు, కాని మీ లక్ష్యానికి కావలసిన పీచు మాత్రం ఆ యంత్రం ఎంత బాగా పనిచేస్తే అంత శుభ్రంగా పోతుంది. కాబట్టి పిప్పిని పారేయకండి. క్యారెట్, బీట్‌రూట్ పిప్పిని చపాతీ పిండిలోనో, పెసరట్టు పిండిలోనో కలపండి, కాస్త ఇంగువ తాలింపు వేసి పెరుగుపచ్చడి చేయండి. ఒకావిడ పిప్పిని పెసరట్టులో వేసి పిల్లలకు పెట్టి, రసం తాను తాగేది. పిల్లలకే మంచి భాగం దక్కుతోందని చెప్పాక ఇద్దరూ సమానంగా పంచుకోవడం మొదలుపెట్టారు.

పండ్ల విషయానికొస్తే, మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2000 క్యాలరీల రోజుకు సూచించే పళ్లెంలో కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు ఉంటాయి. ఒక గ్లాసు బత్తాయి రసానికి మూడు నాలుగు కాయలు పిండుతాం, అంటే ఒక్క గ్లాసులోనే ఆ పండ్ల వాటా కొన్ని రెట్లు దాటిపోతుంది. బత్తాయి, కమలా, జామ, బొప్పాయి, దానిమ్మ వీటన్నిటినీ తినండి. తొన మీది తెల్లటి పొరను తీసేయకండి, పీచులో పెద్ద వాటా అక్కడే ఉంటుంది. పండ్ల రసం తాగాలని నిజంగా మనసైతే వారానికి రెండుసార్లు, 150 మిల్లీలీటర్ల చిన్న గ్లాసుతో, భోజనంతో పాటు తాగండి. పప్పు, ఆకుకూరల్లోని ఇనుమును శరీరం గ్రహించడానికి అందులోని విటమిన్ సి సాయపడుతుంది. రక్తం పట్టడానికి బీట్‌రూట్ తాగుతున్నామనే వారు కూడా ఇది గమనించాలి. బీట్‌రూట్ రంగు ఎరుపే గాని అందులో ఇనుము వంద గ్రాములకు ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు.

ప్యాకెట్ రసాల గురించి మీరు అడగలేదు, అయినా ఒక్క మాట. చిక్కటి సారానికి నీరు కలిపి తయారుచేసిన రసాలపై "నూరు శాతం పండ్ల రసం" అన్న రాతను తొలగించమని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2024 జూన్‌లో కంపెనీలను ఆదేశించింది. ఇంట్లో తీసినది వాటికంటే మేలే, కాని ఇంట్లో తీసినంత మాత్రాన చక్కెర తగ్గదు.

జాగ్రత్తలలో అన్నిటికంటే ముందు సొరకాయ. మీ జాబితాలో ఇప్పుడు లేదు గాని బరువు తగ్గాలనుకొనే వారికి ఎవరో ఒకరు తప్పక చెబుతారు. చేదెక్కిన సొరకాయలో కుకుర్బిటాసిన్లనే విషపదార్థాలు పేరుకుంటాయి. అలాంటి రసం తాగి మన దేశంలో ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి, ఆ తరువాతే భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘాన్ని వేసి సూచనలు ఇప్పించింది. రసం తీయకముందే చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడాలి, ఏ మాత్రం చేదున్నా కాయ మొత్తం పారేయాలి. చేదును కప్పిపుచ్చడానికి నిమ్మరసమో, తేనెనో, మరొక రసమో కలపడం అన్నిటికంటే ప్రమాదకరం, ఎందుకంటే మనల్ని హెచ్చరించేది ఆ చేదొక్కటే. తాగిన తరువాత వాంతులు, కడుపునొప్పి, కళ్లు తిరగడం వస్తే ఇంటి వైద్యం చేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఈ విషానికి విరుగుడు మందు లేదు, లక్షణాలను బట్టి సకాలంలో చేసే చికిత్సే దిక్కు. కూరగా వండుకొనేటప్పుడు చేదు కాయను ముద్దలోనే పసిగట్టి పళ్లెం పక్కన పెట్టేస్తాం, రసాన్ని మాత్రం మంచిదన్న నమ్మకంతో ముక్కు మూసుకొని గుటగుటా తాగేస్తాం, అక్కడే ముప్పు వస్తోంది.

మూత్రపిండాల్లో రాళ్లు వచ్చినవారు పాలకూర, బీట్‌రూట్ పచ్చి రసాలకు దూరంగా ఉండాలి, వాటిలో రాళ్లు కట్టే ఆక్సలేట్లు ఎక్కువ. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి పొటాషియం వల్ల దాదాపు ఏ రసమూ, కొబ్బరి నీళ్లు కూడా, డాక్టరును అడగకుండా పనికిరావు. రక్తం పలుచబడేందుకు వార్ఫరిన్ వంటి మాత్రలు వాడేవారు ఆకుకూరల రసాలను ఒక్కసారిగా మొదలుపెట్టకూడదు, వాటిలోని విటమిన్ కె ఆ మందు పనికి అడ్డువస్తుంది. మధుమేహం ఉన్నవారికి, రసం చక్కెరను ఎంత తొందరగా పైకి తెస్తుందో పైన చెప్పినదే చాలు.

భయపడనక్కరలేని రెండు విషయాలు కూడా చెప్పాలి, వీటితో పరుగెత్తుకొచ్చేవారు చాలామంది. బీట్‌రూట్ తాగిన మరునాడు మూత్రం ఎర్రగా కనిపిస్తే అది చాలావరకు దాని రంగే, మానేశాక కూడా అలాగే ఉంటే పరీక్ష చేయించుకోండి. రోజూ క్యారెట్ రసం తాగేవారికి అరచేతులు పసుపు రంగుకు తిరగవచ్చు. కళ్లలోని తెల్లగుడ్డు తెల్లగానే ఉంటే అది కామెర్లు కాదు, తగ్గిస్తే కొన్ని వారాలలో పోతుంది.

చివరి రెండు ప్రశ్నలు. పరగడుపున తాగడం వల్ల ప్రత్యేక ప్రయోజనం ఏదీ లేదు, పులుపు రసాలు ఖాళీ కడుపున కొందరికి మంట పుట్టిస్తాయి కూడా. తాగిన వెంటనే పళ్లు తోమకండి, నీటితో పుక్కిలించి అరగంట ఆగండి. తీసిన రసాన్ని వీలైనంత త్వరగా తాగండి, ఫ్రిజ్‌లో పెట్టినా ఆ రోజు దాటనివ్వకండి. పిల్లల విషయంలో అమెరికా శిశువైద్యుల సంఘం 2017లో చెప్పిన కొలత నేనూ పాటిస్తాను: ఏడాదిలోపు పిల్లలకు రసం అసలు వద్దు, మూడేళ్ల వరకు రోజుకు 120 మిల్లీలీటర్లు మించకూడదు. నా మాటగా చెప్పాలంటే, పండు కొరికి తినగలిగే పిల్లలకు గ్లాసు అలవాటు చేయకపోవడమే మంచిది.

పది కిలోల లక్ష్యాన్ని కూడా కొంచెం సవరించుకోండి. వారానికి అర కిలో నిలకడగా తగ్గితే పెళ్లినాటికి ఆరు కిలోలు తగ్గుతారు, చీరకట్టులో ఆ ఆరూ బాగానే తెలుస్తాయి. అంతకంటే తొందరగా తగ్గించుకొనే ప్రయత్నంలో పిత్తాశయంలో రాళ్లు తెచ్చుకున్నవారిని చూశాను. ఒకసారి థైరాయిడ్, రక్తంలో చక్కెర, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి, రోజూ నలభై నిమిషాలు చురుగ్గా నడవండి, తూకం వారానికి ఒకసారే చూసుకుంటూ నడుము కొలతను కూడా టేపుతో రాసి పెట్టుకోండి. నెల తరువాత ఆ రెండు అంకెలూ, సాయంత్రం అయిదు గంటలకు మీరు నిజంగా ఏమి తీసుకుంటున్నారో కూడా ఇక్కడే రాస్తే, తరువాత ఏమి మార్చాలో చెబుతాను.